వణకని శని

మొన్న ఖమ్మంలో నడుముకి స్కానింగ్ తీయించుకోవడానికి పోయాను. నర్సు ఉద్యోగంలో పేషెంట్లను ఎత్తీ దించీ నా నడుము ఎప్పుడో అరిగిపోయింది. నన్ను ఆ గొట్టంలాంటి మిషన్లో పడుకోబెట్టి, చెవులకు మూతలు పెట్టి, అక్కడి అమ్మాయి చెప్పింది.

"మేడం, అస్సలు కదలొద్దు. ఊపిరి గూడ మెల్లగ తియ్యాలె. కదిల్తె బొమ్మ ఖరాబైతది."

అంతే, నాకు నవ్వు మొదలైంది. పెదవులు కొరుక్కున్నాను. వేరే సంగతులు తలుచుకున్నాను. లాభం లేకపోయింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఆ అమ్మాయి మిషన్ ఆపి లోపలికొచ్చింది.

"నవ్వుతున్నరా ఏడుస్తున్నరా మేడం?"

"నవ్వుతున్న."

"ఎందుకు?"

"మా ఇంటి ఓనరు యాదికొచ్చిండు."

డాక్టరు నడుముకి బదులు తలకి రాసి ఉంటే బాగుండేదన్నట్టు ఆ అమ్మాయి నా వంక చూసింది. తప్పు ఆమెది కాదు. "కదలొద్దు" అనే మాటకి నేను ఎందుకు నవ్వానో తెలియాలంటే వైరాలో ఆ ఇంటి పైవాటాలో కొన్నాళ్ళు కాపురం చేసి ఉండాలి.

ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. బజారులో ఆయనకి కళ్ళద్దాల దుకాణం ఉండేది. పొడుగ్గా, సన్నగా, భుజాలు చెవుల దాకా ఎత్తిపెట్టుకుని ఉండేవాడు. ఎప్పుడు చూసినా కుడి అరచేయి నేలవైపు తిప్పి గాలిని మెల్లగా కిందికి అదుముతూ ఉండేవాడు, బెదిరిన దూడను ఊరుకోబెట్టినట్టు. ఎవరితో మాట్లాడినా అదే. దుకాణానికి వచ్చినవాళ్ళు గోడ మీది అక్షరాలు చదువుతుంటే ఆయన ఊపిరి బిగబట్టేవాడు. వాళ్ళు చదవడం ఆలస్యమైతే ఆయన ముఖం ఎర్రబడేది.

మేము ఇల్లు చూడటానికి పోయిన రోజు చెబుతాను. నాకు వైరాకి బదిలీ అయింది. మా ఆయన బస్సు డ్రైవరు. కింద చాచా, చాచీ ఉంటారు. పైన రెండు గదుల వాటా ఖాళీ. దాని మీద డాబా. ఇల్లు కిరాయికిచ్చేవాళ్ళు మామూలుగా ఏం పని చేస్తారు, ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువగా వస్తారా అని అడుగుతారు. చాచా అవేవీ అడగలేదు. ఒక స్టీలు పళ్ళెంలో అంచుదాకా నీళ్ళు పోసి గది మధ్యలో పెట్టాడు. దాని పక్కనే చెంప నేలకు ఆనించి పడుకున్నాడు.

"గా తలుపు కాడికెళ్ళి గీ కిటికీ దాక నడువుండ్రి," అన్నాడు.

"ఏంది?" అన్నాడు మా ఆయన.

"రోజు ఎట్ల నడుస్తరో గట్లనే నడువుండ్రి బాబు. నా కోసమని మంచిగ నడువొద్దు."

ముందు నేను నడిచాను. రాత్రి డ్యూటీలలో నిద్రపోయే పేషెంట్లు లేవకుండా తిరగడం అలవాటైన కాళ్ళు నావి. చాచా ముఖం వెలిగిపోయింది. "మాషా అల్లా! పిల్లి గూడ ఇంతకన్న ఎక్కువ చప్పుడు చేస్తది."

తర్వాత మా ఆయన నడిచాడు. పళ్ళెంలో నీళ్ళు అంచు దాటి చాచా గడ్డం తడిపాయి.

ఆయన లేచి కూర్చుని గడ్డం తుడుచుకున్నాడు. మేము ఆస్పత్రిలో బంధువులకి చెడ్డ కబురు చెప్పేటప్పుడు వాడే గొంతుతో అన్నాడు. "బేటా, నువ్వు మడమ మీద నడుస్తున్నవ్."

"అందరు మడమ మీదనే నడుస్తరు గద సాబ్."

"నడుస్తరు. గందుకే గీ వాటా ఇన్ని దినాలసంది ఖాళీగ ఉన్నది."

చాచీ గుమ్మం దగ్గర నిలబడి నా చెవిలో చెప్పింది. "మంచి మనిషే బేటీ. తాగుడు లేదు, తిట్టుడు లేదు. దూర్బీన్ ఒక్కటే ఉన్నది."

డాబా మీద ఆయన టెలిస్కోప్ ఉండేది. దాన్ని ఆయన దూర్బీన్ అనేవాడు. దాని వెనక కెమెరా తగిలించి చంద్రుణ్ణి, గురుణ్ణి, ముఖ్యంగా శనిని ఫోటో తీయాలని ఆయన తాపత్రయం. అందులో కష్టమేమిటో ఆ రోజే మా ఇద్దరికీ కుర్చీలు వేసి వివరించాడు. "చూడుండ్రి, దూర్బీన్ శనిని ఎంత పెద్దగ చేస్తదో, మీ అడుగు చప్పుడును గూడ గంతే పెద్దగ చేస్తది. మీరు కింద ఒక అడుగు పెడితె, పైన శని ఒక గజం దుంకుతడు."

పొద్దంతా బస్సు కుదుపుల్లో నలిగి వచ్చిన మనిషి మా ఆయన. ఆ రాత్రి నుంచి ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టాడు. వేరే ఇల్లు దొరక్క కాదు. చాచీ వండే ఖీమా వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చేది.

మబ్బు లేని సాయంత్రం వచ్చిందంటే ఆ ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. కుక్కర్ పెట్టకూడదు. తలుపులు వేయకూడదు. మిక్సీ మాట ఎత్తకూడదు. చాచా టెలిస్కోప్ కాళ్ళ కింద పాత హవాయి చెప్పులు పెట్టేవాడు, రబ్బరు అదురును మింగుతుందని. గాలికి ఊగకుండా కాళ్ళ మధ్య ఇసుక సంచి వేలాడదీసేవాడు. డాబాకి మూడు వైపులా చాచీ చీరలు కట్టేవాడు, గాలి ఆపడానికి. ఇంత చేసి పైనుంచి "కదలొద్దు!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకే టెలిస్కోప్ ఊగేదని చాచీ అనేది.

నేను పోపు వేయబోతూ గరిటె గాల్లో ఆపి నిలబడేదాన్ని. మా ఆయన చొక్కా ఒక చేయి విప్పి, రెండో చేయి విప్పకుండా ఆగేవాడు. ఒకసారి మా ఇంటికి వచ్చిన చుట్టం మమ్మల్ని అలా చూసి మాకేదో అయిందని భయపడి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇంత చేసినా ఫోటోలు రాలేదు. వచ్చాయి కానీ అవి శని ఫోటోలు కాదు. ఒక పెళ్ళి ఆల్బంలో వరుసగా పెట్టుకున్నాడు. మేము భోజనానికి పోతే తీసి చూపించేవాడు. ఒకదాంట్లో శని గారెలా ఉండేవాడు. ఇంకోదాంట్లో అరటిపండులా. మరొకదాంట్లో ముగ్గురు శనులు.

"గిది పిండి గిర్ని," అనేవాడు చాచా వేలు పెట్టి. "గిది మీ చాచీ దగ్గు. గిది బొగ్గు లారీ. గిది బేటా, నువ్వు. సంక్రాంతికి స్పెషల్ డ్యూటీ చేసి వచ్చినవ్ చూడు, గా రోజు."

మా ఆయన ఆల్బం మీదికి వంగి తన మడమను అంతరిక్షంలో చూసుకునేవాడు.

చాచీ పక్కనుంచి అందుకునేది. "మా పెండ్లి ఫోటోల నేను కదిలిన్నని ఇప్పటికి అంటడు బేటీ. పెండ్లికూతురు కదలకుంట ఉండాలెనా? బొమ్మను చేసుకోవాల్సింది."

బొగ్గు లారీల సంగతి పెద్దదైంది. మా వీధి చివర మెయిన్ రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఉండేది. లారీ దాని మీద ఎగిరి దూకితే మా ఇంటి కిటికీలు జలజలలాడేవి. దాన్ని తీసేయించాలని చాచా వీధివాళ్ళందరినీ కూర్చోబెట్టి శని గురించి చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో ఎదురింటి టైలరు అడిగాడు. "అయితె నీ శని మంచిగ కనవడాలంటె మా పిల్లలు లారీ కింద పడాల్నా చాచా?"

ఆ స్పీడ్ బ్రేకర్ కోసం వీధివాళ్ళు ఎంతకాలం తిరిగారో చాచాకి తెలుసు. తిరిగినవాళ్ళలో ఆయనా ఒకడు. చేయి గాలిలో ఆగిపోయింది. "నేను గట్ల ఆలోచన చెయ్యలే," అన్నాడు. మర్నాడు పొద్దున్నే సున్నం, బ్రష్షు పట్టుకుపోయి, చీకట్లో కూడా అందరికీ కనబడేలా ఆ స్పీడ్ బ్రేకర్‌కి తెల్లటి చారలు తనే వేసి వచ్చాడు. దాంతో లారీలు దూరం నుంచే చూసి నెమ్మదించడం మొదలుపెట్టాయి. అదురు తగ్గింది. "చూసినవా బేటీ, మంచితనంల గూడ లాభముంటది," అన్నాడు, ఎవరో మోసం చేసి గెలిపించినట్టు సిగ్గుపడుతూ.

అయినా శని గారెలాగే వచ్చాడు.

ఒకరోజు మధ్యాహ్నం దుకాణంలో ఊరికే కూర్చుని కళ్ళద్దాలు పెట్టే ట్రేలో కెమెరా పెట్టి బటన్ నొక్కాడట. ట్రేలో అద్దాలన్నీ గలగలమన్నాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గలగల. కెమెరా లోపల ఒక చిన్న అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది టప్పున పైకి లేస్తుంది. ఇన్నాళ్ళూ టెలిస్కోప్‌ని కదిలించింది ఆ అద్దం.

దుకాణం మూసేసి, చాచీ చేత సేమ్యా చేయించి, గిన్నె చేత్తో పట్టుకుని మా వాటాకి వచ్చాడు. మా ఆయన ముందు నిలబడ్డాడు.

"బేటా, తప్పు నీది గాదు. కెమెరాది."

"గిన్ని దినాలు పిక్కలు గుంజంగ నడిచిన గద సాబ్!"

"అవ్. మాఫ్ చెయ్యి. ఈ రోజు నీ ఇష్టమొచ్చినట్టు నడువు."

మా ఆయన సేమ్యా తిని, లుంగీ ఎగ్గట్టి, ఆ రాత్రి రెండు గదుల్లోనూ పెళ్ళివారిలా తిరిగాడు. కింద చాచీ నెత్తిన సున్నం రాలింది. తెల్లారి చాచా మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"నిన్న నువ్వు నడుస్తుంటె ఫోటోలు తీసి చూసిన బేటా. కెమెరాది సగమే. సగం నీదె."

ఆ అద్దానికి ఆయన కనిపెట్టిన మందు చేట. బియ్యం చెరిగే మామూలు చేట, దానికి నల్లగుడ్డ కుట్టించాడు. చాచీ ఆ చేటను టెలిస్కోప్ మూతికి అడ్డంగా, తగలకుండా పట్టుకోవాలి. చాచా వైరుకున్న బటన్ నొక్కి కెమెరా కన్ను తెరిచి పెడతాడు. లోపల అద్దం టప్పుమంటుంది. అంతా అదురుతుంది. కానీ ముందు చేట ఉంది కాబట్టి కెమెరాకి చీకటి తప్ప ఏమీ కనబడదు. అదురు సద్దుమణిగాక "హా!" అంటాడు. చాచీ చేట తీస్తుంది. వెలుతురు లోపలికి పడుతుంది. "బస్!" అంటాడు. చాచీ చేట మళ్ళీ అడ్డం పెడుతుంది. అప్పుడు కెమెరా కన్ను మూస్తాడు.

పద్ధతి మంచిదే. కాకపోతే కింద వీధిలోంచి చూసేవాళ్ళకి ఒక ముసలి జంట చీకట్లో ఆకాశం వైపు చేట ఊపుతూ "హా! బస్!" అని అరుస్తున్నట్టు కనిపించేది. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పక్కనున్న తల్లాడ నుంచి ఇద్దరు రైతులు ఈ సంగతి విని, కళ్ళద్దాల వంకన దుకాణానికి వచ్చారు.

"చాచా, గా చాట ఊపుడు జర ఆపుండ్రి. మబ్బులన్ని చెదిరిపోతున్నయ్, మొలకలు ఎండుతున్నయ్."

చాచా వాళ్ళకి కెమెరా తీసి, అద్దం చూపించి, వణుకు గురించి అంతా చెప్పాడు. వాళ్ళు తల ఊపుకుంటూ విన్నారు. "మంచిగ చెప్పిన్రు. అయితె ఎప్పుడు ఆపుతరు?" అన్నారు.

చాచా ఆపాడు. మూడు రోజుల్లో వాన పడింది. ఆ తర్వాత ఆయన ఎంత చెప్పినా తల్లాడలో ఎవరూ నమ్మలేదు.

ఆ చలికాలం ముందు ఒక సాయంత్రం చాచా నన్ను డాబా మీదికి పిలిచి శనిని చూపించాడు. శని చుట్టూ ఉండే చక్రం ఏటేటా సన్నబడుతోందట. అది అరిగిపోవడం కాదు, మెల్లగా పక్కకి తిరగడం. పళ్ళేన్ని పైనుంచి చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది, అంచు వైపు నుంచి చూస్తే గీతలా ఉంటుంది, అలాగన్నమాట. త్వరలోనే ఆ గీత కూడా కనబడకుండా పోతుంది.

"మళ్ళ కనవడదా చాచా?"

"కనవడుతది. మెల్లగ మళ్ళ ఇటు తిరుగుతది. నిండుగ తెరుచుకునె వరకు నేను ఉండ బేటీ. ఉన్నప్పుడు ఒక్కటి, వణకని ఫోటో ఒక్కటి తియ్యాలె."

ఆ మాట అంటూ కుర్చీలో కూర్చుని టీ సాసరు ఒళ్ళో పెట్టుకున్నాడు. కప్పు సాసరు మీద టకటకలాడింది.

"సత్తుపల్లి బొగ్గు లారీ," అన్నాడు.

రోడ్డు మీద లారీ లేదు. కప్పు ఇంకా టకటకలాడుతూనే ఉంది.

"లారీ లేదు చాచా," అన్నాను.

ఆయన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, మాత్ర నలుపుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి. ఎడమచేత్తో పట్టుకున్నాడు. వదిలాడు. మళ్ళీ కదిలాయి. ఆల్బంలో ఫోటో చూసి కారణం వెతికేటప్పుడు ఉండే ముఖమే ఆ క్షణాన కూడా.

ఖమ్మంలో నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. వణుకుడు జబ్బు. మందులు రాశాడు. చాచా అడిగిన ప్రశ్నలు ఆ డాక్టరుని ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

"ఎప్పుడు ఎక్కువ ఉంటది డాక్టర్ సాబ్?"

"చెయ్యి కదలకుంట ఊరికె పెట్టుకున్నప్పుడు. ఏదన్న పని చేస్తె తగ్గుతది."

"కదలకుంట ఉంటె కదులుతది. కదిలిస్తె ఆగుతది."

"అట్లనే అనుకోండి."

"పండుకుంటె?"

"నిద్రల ఉండదు."

"అయితె నేను నిద్రపోయినప్పుడు ఫోటో మంచిగొస్తది." డాక్టరు నవ్వాడు. చాచా నవ్వలేదు. ఆయన జోక్ వేయలేదు, లెక్క చూసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక టెలిస్కోప్ మీద బొంత కప్పేశాడు. సాయంత్రాలు కుక్కర్ పెట్టుకోమన్నాడు. మిక్సీ వేసుకోమన్నాడు. మా ఆయన మాత్రం అలవాటైన మునివేళ్ళ మీదే నడుస్తుంటే కిందనుంచి కేక వేశాడు, "నడువు బేటా మంచిగ! ఇప్పుడేమున్నది!" ఇల్లంతా మామూలు చప్పుళ్ళతో నిండిపోయింది. మాకెవరికీ అన్నం సయించలేదు.

ఆ రోజుల్లోనే మా అన్న కూతురి పెళ్ళి కుదిరింది. మాది భద్రాచలం దాటి పర్ణశాల పోయే దారిలోంచి లోపలికి, అడవి అంచున ఉండే తండా. పెళ్ళికి పిలవడానికి పోతే చాచా కార్డు చూసి మెల్లగా అడిగాడు.

"అక్కడ లారీలు తిరుగుతయా?"

"ట్రాక్టర్లె చాచా. రాత్రి అవి గూడ తిరగవు."

"వీధి దీపాలు?"

"పోల్ ఉన్నది. బల్బు లేదు."

ఆయన చేయి గాలిని అదమడం చాలా రోజుల తర్వాత మళ్ళీ చూశాను. చాచీ పోయి బొంతల్లోంచి చేట తీసింది.

పెళ్ళి ముందురోజు జీపులో బయల్దేరాం. టెలిస్కోప్ బొంతల్లో చుట్టి చాచీ ఒళ్ళో, చంటిపిల్లలా. తండా చేరగానే చాచా పెళ్ళింటికి పోకుండా మిరపచేను గట్టు మీదికి పోయి, వంగి నేల మీద అరచెయ్యి పెట్టాడు. "నేల నిద్రపోతున్నది బేటీ," అన్నాడు. అంత సంతోషం ఆయన ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

పెళ్ళిరోజు పొద్దు గూకి చీకటి పడగానే ఆ గట్టు మీదే ఏర్పాట్లు మొదలయ్యాయి. కాళ్ళ కింద చెప్పులు, మధ్యలో ఇసుక సంచి. చాచీ చేట పట్టుకుంది. బటన్ వైరు మా ఆయనకి ఇచ్చారు. ఆయన చెప్పులు విడిచి, కొత్త ప్యాంటు మడిచి, గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. చాచా దూరంగా ప్లాస్టిక్ కుర్చీలో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నెత్తిమీద శని స్పష్టంగా వెలుగుతున్నాడు.

"హా!" అనబోయాడు. అప్పుడు నేల అదిరింది.

మగపెళ్ళివారు డీజేతో దిగారు. ముందు వ్యానులో మనిషెత్తు సౌండు బాక్సులు, వెనక ట్రాక్టరు మీద పెళ్ళికొడుకు, మధ్యలో ఊరంతా గంతులు. మా చుట్టూ ఉన్న మిరపచెట్లు వణికాయి. కెమెరా తెర మీద శని కూడా ఆ పాటకే ఎగురుతున్నాడు.

చాచా లేచి ఊరేగింపు వైపు నడిచాడు. ఏమవుతుందోనని నేను వెనకే పరిగెత్తాను. ఆయన వ్యాను ముందు నిలబడి చేయి ఎత్తాడు. డీజే అతను సౌండు కాస్త తగ్గించి వంగాడు.

"ఏంది పెద్దాయనా?"

"జర సేపు ఆపు బేటా. ఫోటో తియ్యాలె."

"తియ్యుండ్రి! పెండ్లికొడుకు గాడ్నే ఉన్నడు."

"పెండ్లికొడుకుది గాదు. శనిది."

పాట దానంతటదే ఆగినట్టు ఆగింది. గంతులు వేసేవాళ్ళు ఆగారు. పెళ్ళికొడుకు తండ్రి ముందుకొచ్చాడు. "ఎవరిది?"

"శనిది," అన్నాడు చాచా, ఇంకాస్త గట్టిగా, ఆయనకి వినబడలేదేమోనని.

ఇక చూడండి గొడవ. పెళ్ళి ముంగిట్లో ఆ పేరు ఎత్తుతాడా అని ఒకడు, ఎవడు తోలుకొచ్చాడు ఈయన్ని అని ఇంకొకడు. మా అన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఈలోగా మా అమ్మ, పెళ్ళికూతురి నానమ్మ, చేతిలో హారతి పళ్ళెంతోనే బయటికి వచ్చింది.

"ఏందన్నా ఇది? నీకు బువ్వ బెట్టి పండ బెట్టినం. మా పిల్ల పెండ్లికి శనిని పిలుస్తవా?"

చాచా చేయి బాగా వణుకుతోంది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఆయన మాత్రం కంటి పరీక్షకు వచ్చిన మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"పిలుస్తలేనమ్మా. ఆయన దగ్గరికొస్తడనే గద మీకు భయం. రాలేదు. చాన దూరంల ఉన్నడు. విమానమెక్కినా ఏండ్లు పడుతది."

"నువ్వు చూసినవా?"

"ఇప్పుడె చూసి వస్తున్న."

మా అమ్మ కాస్త తగ్గింది. "పిల్ల దిక్కు చూస్తుండా?"

"లేదమ్మా. పక్కకు తిరిగి ఉన్నడు."

జనంలో గుసగుసలు లేచాయి. పక్కకి తిరిగి ఉన్నాడట.

"గ్యారంటీనా?" అంది మా అమ్మ.

"గ్యారంటీ. ఫోటో ఇస్త, గోడకు పెట్టుకోండ్రి. అయితె మీరంత జర సేపు కదలొద్దు. మీరు కదిల్తె ఆయన వణుకుతడు. వణికితె ఎటు తిరిగిండో తెల్వదు."

పెళ్ళికొడుకు ట్రాక్టరు మీదనుంచే అన్నాడు. "నిలబడుదాం నాయనా. శని దూరంగ ఉన్నడని ఫోటో ఎవలిస్తరు?"

అలా ఆ పెళ్ళి ఆగింది. జనరేటరు ఆపారు. ట్రాక్టరు ఆపారు. గంతులేసేవాళ్ళు చేతులు ఎక్కడ ఉన్నవి అక్కడే ఉంచి నిలబడ్డారు. పెళ్ళికొడుకు మేనమామకి తుమ్ము వచ్చింది, ముక్కు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు. మా మేనకోడలు గుమ్మంలో పూలజడతో కొయ్యబారిపోయింది. కుక్కలు కూడా ఏమైందోనని కూర్చున్నాయి. అడవి చప్పుడు వినపడింది.

చాచా వెనక్కి పోలేదు. పోతే అడుగులు అదురుతాయి. జనం మధ్యలోనే నిలబడిపోయాడు. అంతమందిలో కదులుతున్నది ఒక్కటే, ఆయన కుడిచేయి. ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు, ఆగలేదు. చొక్కా జేబులో దోపాడు, జేబు కదిలింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా అమ్మ హారతి పళ్ళెం అరుగు మీద పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. గట్టిగా, కోడిని పట్టుకున్నట్టు.

"నువ్వు గూడ కదలొద్దన్నా," అంది.

చేను గట్టు మీద చీకట్లో చాచీ గొంతు వినిపించింది. తనే "హా" అనుకుని, తనే "బస్" అనుకుంది. మళ్ళీ ఒకసారి. మళ్ళీ ఒకసారి. తర్వాత మా ఆయన కెమెరా పట్టుకుని మునివేళ్ళ మీద పరిగెత్తుకొచ్చాడు.

తెర మీద చిన్న పసుపుపచ్చ పూస. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు గుచ్చిన సూదిలా సన్నటి గీత. అంతే. చుట్టూ నలుపు. ఎక్కడా చెదరలేదు.

"గిది ఎవరు చాచా?" అన్నాడు మా ఆయన. ఆల్బంలో ప్రతి ఫోటోకి ఒక పేరు ఉండేది కదా.

చాచా తెర మీదికి వంగి చూశాడు.

"ఎవరు గాదు బేటా. శని."

మేనమామ తుమ్మాడు. డీజే అతను ఇక ఉండబట్టలేక మీట తిప్పేశాడు. నేల మళ్ళీ అదిరింది. ఎవరో చాచా చేయి పట్టి లోపలికి లాగారు. మేము ఆపేలోపే ఆయన గంతుల మధ్యలోకి పోయాడు. భుజాలు చెవుల దాకా ఎత్తి, రెండు చేతులూ గాల్లో ఊపుతూ, మడమలు నేలకేసి కొడుతూ ఆడాడు. అంతమంది చేతులు ఊగుతుంటే ఆయన చేయి ఏదో నాకు కనబడలేదు. చాచీ నల్లగుడ్డ చేట నెత్తిన పెట్టుకుని చూస్తూ నిలబడింది.

ఫోటో కాగితం మీద వేయించి తండాకి పంపించాడు. తన ఆల్బంలో మాత్రం పెట్టుకోలేదు. అడిగితే, "గది పెండ్లోళ్ళది," అన్నాడు. ఆ తర్వాతి వానాకాలంలో, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. నేను వెళ్ళి చూసినప్పుడు కుడిచేయి పొట్ట మీద కదలకుండా ఉంది. అలా దాన్ని చూడటం నాకు చేతకాలేదు.

పోయిన నెల తండాకి పోయాం. మా మేనకోడలు బిడ్డని కని పుట్టింటికి వచ్చింది. పెళ్ళయ్యాక ఫోటో అత్తవారింటికి పట్టుకుపోయింది, కాన్పుకి మళ్ళీ వెంట తెచ్చుకుంది. ఊయల పైన గోడకి తగిలించి ఉంది. అద్దానికి పసుపు బొట్టు.

మా అమ్మకి చాచా సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను. ఎదురుగా చెప్పాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోటో వైపు చూసింది.

"మరి గాయన మీద ఎవలు కన్నేసి ఉన్నరు ఇప్పుడు?"

మా ఆయన అన్నం తింటూ తలెత్తాడు.

"నేను చూస్తున్న గద అత్తా."

అబద్ధం కాదు. ఈమధ్య డ్యూటీ లేని సాయంత్రాలు ఆయన, చాచీ డాబా ఎక్కుతున్నారు.

"దూరంగనే ఉన్నడా?"

"చాన దూరం ఉన్నడు."

"పక్కకె తిరిగి ఉన్నడా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. చక్రం మాయమవడం అయిపోయింది, శని మళ్ళీ మెల్లమెల్లగా ఇటు తిరుగుతున్నాడని వారం కిందటే ఆయన నాకు చెప్పాడు.

"అవ్ అత్తా," అన్నాడు మా ఆయన. "పక్కకె."

మా అమ్మ నిశ్చింతగా ఊయల ఊపింది.